కిటికీ పక్కన కుర్చీ

మ్యూజియంలో స్థానిక చిత్రకారుల ప్రదర్శన మొదలైన రోజది. భర్త వేసిన గది బొమ్మను వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. దాని ముందు నిలబడ్డ ఆమెకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ గది ఎవరిదండీ?"

"ఎవరిదీ కాదు. ఊహించి వేశాను."

"మీరా, ఊహించా? పిల్లి బొమ్మ కోసం పక్కింటి పిల్లిని తెచ్చి మన గుమ్మానికి కట్టేసిన మనిషి మీరు. కళ్లెదుట లేకపోతే మీ చేతికి గీత కూడా రాదు."

"మెల్లిగా మాట్లాడు, జనం చూస్తున్నారు."

"చూడ్డానికేగా వచ్చారు, చూడనివ్వండి. ఆ మేకుకు వేలాడుతున్న నీలం చొక్కా బస్సులో పోయిందన్నారు!"

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆదివారాలు స్నేహితుడింట్లో బొమ్మలేస్తున్నానని చెప్పి, వెళ్లేది ఈ గదికా?"

"అవును. అద్దెకు తీసుకున్నాను."

"ఆవిడెవరు?"

"ఆవిడా లేదు, ఎవరూ లేరు. నువ్వే చూడు, కుర్చీ ఒక్కటే ఉంది."

ఆమె పటానికి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి వెతికింది. రెండో కప్పు లేదు, జడపిన్ను లేదు, మంచమే లేదు.

"మరి అక్కడేం చేస్తారు?"

"కూర్చుంటాను."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. అందుకే తీసుకున్నాను."

బిగించిన కొంగును ఆమె మెల్లగా వదిలేసింది.

"ఎవరో ఒకతి ఉన్నా బాగుండేదండీ. వెళ్లి జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. ఖాళీ కుర్చీని ఏమని అడగను?"