ఈనని గేదె జున్ను

తవిటినాయుడు కొబ్బరికోరు ముందేసుకుని పెరట్లో కూర్చున్నాడంట. అంట ఏమిటి, నేనే చూశాను. గోడ ఇవతల నుంచి చూశాను. చూడాలని కాదు, మా గోడ పొట్టిది, నేను పొడుగుదాన్ని, అంతే. కోరు ఉంది గానీ కొబ్బరి లేదు. చేతిలో ఇటుకంత ముద్ద ఉంది, తెల్లగా, కాస్త పసుపు తిరిగి. దాన్ని కోరుతున్నాడు. పక్కన గంపెడు బంగాళాదుంపలు. గాజుల్లా గుండ్రంగా, పల్చగా తరిగి నీళ్లలో వేశాడు. "ఒరే తవిటీ, ఏమిట్రా అది?" అన్నాను. "దుంపల్లోకి అత్తా" అన్నాడు. దుంపల్లోకి ఉప్పు తెలుసు, కారం తెలుసు, మహా అయితే ఉల్లిపాయ తెలుసు. "దుంపల్లోకి ఏమిట్రా?" అంటే, "రేపు తింటావు కదా, అప్పుడు తెలుస్తుందిలే" అని నవ్వాడు. నవ్వేవాడు ఏదో దాస్తున్నట్టే కదా. ఇంటికొచ్చి ఆలోచించాను. పాలతో చేసినదే, చూస్తే తెలుస్తోంది. ముద్దగా ఉంది, కొయ్యడానికి వీలుగా ఉంది. జున్ను కాకపోతే మరేమిటి? జున్నంటే వాళ్ల గేదె ఈనినట్టే కదా. ఈనితే ఎవరికీ చెప్పలేదెందుకు?

ఇక్కడ మీకు గేదె సంగతి చెప్పాలి. ఈ తవిటినాయుడికి అన్న పోలినాయుడు. తండ్రి పోయాక ఇద్దరూ వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, రోలు పెద్దవాడికి, రోకలి చిన్నవాడికి ఇచ్చారంట, అదీ పంచినవాళ్ల తెలివి. వాళ్లు ఇక్కడే కూర్చున్నారు, పేర్లు చెప్పను. ఆఖరికి గేదె ఒకటి మిగిలింది. దాన్ని రోలూ రోకలిలా విడదీయలేరు కదా. అందుకని ఏమన్నారంటే, తల్లి సూరమ్మ చిన్నవాడి దగ్గర ఉంటుంది కాబట్టి గేదె కూడా అక్కడే ఉంటుంది, కానీ అది ఈనినప్పుడల్లా మొదటి జున్ను పెద్దవాడికి వెళ్లాలి, దూడప్పటి నుంచి పెంచింది వాడే కాబట్టి అన్నారు. సరే అన్నారు ఇద్దరూ. మూడేళ్ల కింద గేదె ఈనింది. అప్పుడు తవిటినాయుడు విశాఖపట్నంలో హోటల్లో వంటవాడు, ఊళ్లో లేడు. వాడి పెళ్లాం రాములమ్మ వీధి మొదటి నుంచి పంచుకుంటూ వచ్చింది. మాకు గిన్నెడు ఇచ్చింది, పక్కింటికి గిన్నెడు ఇచ్చింది, పోలినాయుడిది వీధి చివరి ఇల్లు, అక్కడికి వెళ్లేసరికి టీ గ్లాసుడు మిగిలిందంట. "ఊరందరికీ గిన్నెలు, నాకు గ్లాసా?" అని పోలినాయుడు ఆ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. పిల్లి తినేసి పోయింది. అంతే, మూడేళ్లు మాటల్లేవు. పక్కపక్కనే నిలబడి కూడా, "అమ్మా, వాడికి చెప్పు, నా గట్టు మీద గడ్డి కోశాడని" అంటాడు ఒకడు. "అమ్మా, ఆ గట్టు నాదని చెప్పు" అంటాడు ఇంకొకడు. గేదె కూడా అలిగిందేమో, రెండేళ్లు చూలు కట్టలేదనుకో. ఈ ఏడే కట్టింది.

ఇలా ఉండగా ఏమైందంటే, వాళ్ల చెల్లెలు నీలవేణి తన కూతురికి చెవులు కుట్టించడానికి పుట్టింటికొచ్చింది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టాలి. పెద్ద మేనమామ ఉండగా చిన్నవాడి ఒడిలో ఎలా కూర్చోబెడతారు? నీలవేణి అత్తమామలు వస్తున్నారు, వాళ్ల ముందు పెద్దన్న రాలేదంటే ఆ పిల్ల ఇక తలెత్తుకోలేదు. సూరమ్మ వెళ్లి పెద్దకొడుకు గడ్డం పట్టుకుంది. "గంటసేపు కూర్చుంటాను, లేస్తాను, వాడితో మాట్లాడను" అన్నాడంట. అదే చాలని వచ్చింది ముసల్ది. తవిటినాయుడు హోటలు మానేసి వచ్చేశాడు అప్పటికి. విశాఖపట్నంలో పెద్ద పెద్ద కుటుంబాలు ఒకచోట కలిస్తే ఈ దుంపల వంటే చేయించుకునేవారంట. అందరూ ఒకే గిన్నెలోంచి తీసుకుని తింటారంట, తింటూ కలిసిపోతారంట. తన అన్న కూడా అలాగే కలుస్తాడని వాడి ఆశ. పాపం.

ఈ జున్ను సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఒక్క ఎదురింటి రాజులమ్మకే చెప్పాను. రాజులమ్మకి చెబితే చెప్పినట్టు కాదులే అనుకున్నాను, ఆవిడకి చెవుడు. చెవుడు కాబట్టి కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. బోరింగు దగ్గర చెప్పాల్సి వచ్చింది.

తెల్లారింది. పది నుంచి పదకొండు లోపల మంచి వేళ. ఆచారి బంగారు తీగ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నీలవేణి అత్తమామలు వచ్చారు. పోలినాయుడు రాలేదు. పదిన్నరైంది, రాలేదు. సూరమ్మ మళ్లీ వెళ్లింది. "అమ్మా, గేదె ఈనిందా?" అన్నాడంట వాడు. "లేదురా" అంది. "మరి జున్ను ఎక్కడిది?" "ఏ జున్నురా?" అంది ఆవిడ. "ఓహో, నీతో కూడా అబద్ధం చెప్పిస్తున్నాడన్నమాట" అని లేచి, పిల్ల దగ్గరికి కాదు, తిన్నగా గేదె పాకలోకి వచ్చాడు. మేమందరం వెనకాలే వెళ్లాం. గేదె నిలబడి నెమరేస్తోంది. కడుపు నేలకి జానెడు ఎత్తులో ఉంది. పోలినాయుడు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. పొదుగు పట్టి చూశాడు. "ఈనిన గేదెకి ఈ కడుపేమిటి? ఈనని గేదెకి జున్నేమిటి?" అన్నాడు. కవలలేమో, ఒకటి బయటికొచ్చి ఒకటి ఉండిపోయిందేమో అని నేనన్నాను. ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. ఇప్పుడు నవ్వుతున్నారు చూడండి, వాళ్లే. "అయితే బయటికొచ్చింది ఏదీ?" అన్నాడు పోలినాయుడు. ఇక చూసుకో, దూడ కోసం అందరూ వెతకడమే. కట్టెల వెనక వెతికారు, తొట్టి కింద వెతికారు. నీలవేణి మామగారు గడ్డివాము అవతల వంగి వెతుకుతూ నన్ను చూసి, "అమ్మా, మనం వెతికేది ఏమిటి?" అన్నాడు. పెద్దమనిషి. ఏదో ఆచారమనుకున్నాడు.

అప్పుడు పోలినాయుడి కన్ను పెరట్లో పొయ్యి మీద పడింది. పెద్ద గిన్నె. కింద నిప్పులు, సరే. మూత మీద కూడా నిప్పులు. కిందా నిప్పే, పైనా నిప్పే, ఇదేం వంట? "అమ్మా, అందులో ఏముందో వాణ్ణి అడుగు" అన్నాడు. తవిటినాయుడు పక్కనే ఉన్నాడు. "అమ్మా, దుంపలని అన్నయ్యకి చెప్పు" అన్నాడు. "దుంపల మీద?" "చీజు అని చెప్పు." "ఏ గేదెదో అడుగు." "షాపులో కొన్నానని చెప్పు." "షాపువాడి గేదె ఎప్పుడు ఈనిందో అడుగు." "అది నాకెలా తెలుస్తుందమ్మా, ఎనిమిది నెలల కింద తయారైనట్టు డబ్బా మీద రాసుంది." "ఎనిమిది నెలల జున్నా!" అని పోలినాయుడు నీలవేణి మామగారి వైపు తిరిగాడు, సాక్ష్యానికి. ఆయన గడ్డి దులుపుకుంటున్నాడు. ఇటు తిరిగి ఒకమాట, అటు తిరిగి ఒకమాట, సూరమ్మకి మెడ పట్టేసింది. "నా వల్ల కాదు, మీరే ఏడవండిరా" అని మెడ పట్టుకుని కూలబడింది.

మధ్యలో మనిషి లేకుండా పోయింది కదా. కాసేపు ఇద్దరూ తల్లి నిలబడిన చోటు వైపు చూశారు. ఆచారి వచ్చి, "బాబూ, వేళ దాటిపోతోంది, పావుగంటే ఉంది" అన్నాడు. నీలవేణి కళ్లు తుడుచుకుంటోంది. ఆఖరికి పోలినాయుడే, "ఒరే, అది జున్నే కదా?" అన్నాడు. మూడేళ్లకి మొదటి మాట అది. "కాదన్నయ్యా, నీ మీద ఒట్టు" అన్నాడు తవిటినాయుడు. "తింటే గానీ తేలదు" అని అక్కడే పీట మీద కూర్చున్నాడు పెద్దవాడు. తవిటినాయుడు నిప్పులు తోసి మూత తీశాడు. పైన ఎర్రగా పెచ్చు కట్టి, పక్కల బుడబుడమంటోంది. గిన్నె ముందుకు జరిపి గరిటె ఇచ్చాడు. పోలినాయుడు ఇంత తీసి, ఊది, నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ, ఏమైందంటే, అది తెగలేదు. నోట్లో ఒక కొస, గిన్నెలో ఒక కొస, మధ్యలో దారం. తల వెనక్కి లాగాడు, దారం సాగింది. ఇంకా లాగాడు, ఇంకా సాగింది. మాట్లాడదామంటే నోరు నిండుగా ఉంది, లేద్దామంటే గిన్నె కూడా వచ్చేట్టుంది. నీలవేణి తెలివైన పిల్ల. ఇంతకన్నా మంచి వేళ దొరకదనుకుందో ఏమో, పరుగున వచ్చి పాపని ఒడిలో కూర్చోబెట్టింది. ఆచారి ఒక చెవి కుట్టాడు. పాప కేరుమని ఆ దారం పట్టుకుని లాగింది. రెండో చెవి కుట్టాడు. పోలినాయుడు ఒక చేత్తో పాపని పట్టుకుని, ఒక చేత్తో గరిటె పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వేడికో, మరి దేనికో, నాకు తెలీదు.

తర్వాత అందరూ తిన్నారు. కూరో పిండివంటో తెలీక కొందరు అన్నంలో కలుపుకున్నారు, నీలవేణి అత్తగారు పంచదార అడిగింది. పోలినాయుడు మూడుసార్లు పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని, "జున్నే. నాకు రావలసింది నాకు అందింది" అని వెళ్లాడు. పన్నెండో రోజున గేదె నిజంగానే ఈనింది. తవిటినాయుడు పెద్ద గిన్నెడు జున్ను తానే మోసుకుని వెళ్లాడు. "ఒక ఈతకి రెండుసార్లా? నేనేమైనా ముష్టివాణ్ణా, పట్టుకుపో" అన్నాడు అన్న. "అది జున్ను కాదని చెప్పానా లేదా?" అన్నాడు తమ్ముడు. "నాకు జున్ను తెలీదా, నీకన్నా ఆరేళ్లు పెద్దవాణ్ణి" అన్నాడు అన్న. వీధంతా వినిపించింది. ఇతను తీసుకెళ్లడం, అతను తిప్పి పంపడం, గిన్నె మా గుమ్మం ముందు నుంచి అటూ ఇటూ తిరిగింది. మూడోసారి వచ్చినప్పుడు, పాడైపోతుందని నేనే తీసి లోపల పెట్టాను. ఆ రోజు తిన్నది జున్నా కాదా అన్న వాదన మాత్రం వాళ్లు ఆపలేదు, ఇప్పటికీ పొద్దున్నే మొదలుపెడతారు. మొన్న సూరమ్మ వచ్చి, "వదినా, నా కొడుకులు కలిసినట్టా, కలవనట్టా?" అని అడిగింది. నేనేం చెప్పను? కలిశారనే అన్నాను. జున్ను మాత్రం బాగుంది. యాలకులే కాస్త ఎక్కువయ్యాయి.