సలాడ్‌లో ఉడకని గింజలు

పుట్టగొడుగులు పెంచే షెడ్డు గుమ్మంలో క్యాంటీన్ వంటమనిషి తల వంచుకుని నిలబడింది. లోపల షెడ్డు యజమానురాలు బుట్టలు కడుగుతోంది.

"వదినా, పోయిన వారం నా సలాడ్ తిని అందరికీ వాంతులయ్యాయి కదా..."

"అయ్యాయి. నా పుట్టగొడుగుల వల్లేనన్నారు. అప్పటినుంచీ ఒక్కరూ కొనలేదు."

"వాటి వల్ల కాదు. అవి చక్కగా వేగాయి. రాజ్మా గింజలే సరిగ్గా ఉడకలేదు. ఆలస్యమవుతోందని సగంలోనే దించేశాను."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. గిన్నెలో మిగిలిన గింజ కొరికితే పచ్చిగా తగిలింది."

"మరి క్యాంటీన్ మేనేజరు అడిగితే ఏం చెప్పావు?"

"పుట్టగొడుగులేమోనన్నాను. భయంతో నోరు జారాను."

"నోరు జారితే ఆ పూటే సర్దుకునేదానివి. వారమైంది."

"నీకు మొహం చూపించలేకపోయాను, వదినా. తిట్టు, పడతాను."

"తిడితే నాకేం ఒరుగుతుంది? ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ముందు నీకే చెప్పాలని వచ్చాను."

"నా పుట్టగొడుగుల సంగతి నాకు తెలుసమ్మా. తెలియాల్సింది తిన్నవాళ్ళకి."

"ఇప్పుడందరూ భోజనాల దగ్గరుంటారు. చెప్పేస్తాను. నువ్వూ వచ్చి నా పక్కన నిలబడతావా?"

"రాను. నామీద నింద పడ్డ రోజు నేనూ ఒక్కదాన్నే నిలబడ్డాను."

వంటమనిషి ఒక్కతే క్యాంటీన్ దారి పట్టింది.