గువ్వల బావి మీద ఇల్లు

చింతచెట్టు దాటాక కుడిచేతి వైపు మట్టిదిబ్బ ఒకటుంటుంది చూశారా, మేకలు కూడా దాని మీద గడ్డి కొరకవు, అదే గువ్వల బావి. ఇప్పుడు బావీ లేదు, గువ్వలూ లేవు, పేరొక్కటే మిగిలింది. ఇట్టా దగ్గరికి జరగండి, చెబుతాను.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి మా అత్తగారింట్లో పద్దెనిమిది మందిమి. మా మామకి ఆరుగురు కొడుకులు, వాళ్ళకి పిల్లలు, ఒకరు మంచం దిగితేగాని ఇంకొకరు ఎక్కే వీల్లేదు. ఊరంతా అంతే. తుమ్మబీడు ఇళ్ళయిపోయింది, ఈతవనం ఇళ్ళయిపోయింది, మరి అక్కడి నక్కలు ఎటు పోయాయి, కుందేళ్ళు ఎటు పోయాయి, ఎవరడిగారు? మిగిలినవి కాసినీ ఆ పాడుబడిన మోటబావిలో చేరాయి. రాళ్ళ సందుల్లో గువ్వలు, గట్టు కింద బొరియల్లో ఉడుములు, నీళ్ళలో తాబేళ్ళు. అవీ మాలాగే ఇరుక్కుని కాపురం చేస్తున్నాయని నాకు నవ్వొచ్చేది.

మా ఆఖరి మరిది గురవయ్య పెళ్ళాం చెన్నమ్మ నీళ్ళోసుకుంది. ఇంట్లో పురిటికి మూల కూడా లేదు, బావి పూడ్చి ఇల్లు కడతానన్నాడు గురవయ్య. మా అత్త ఒకటే చెప్పింది. ఒరే, పాత బావి పూడ్చేముందు పెద్ద కొమ్మ లోపలికి దించి నెల్లాళ్ళు ఆగాలిరా, పాకేవి ఎక్కి పోతాయి, గువ్వపిల్లలకి రెక్కలొస్తాయి, మా పుట్టింట్లో అట్టాగే చేశారు, అని. దానికి గురవయ్య ఏమన్నాడో తెలుసా? శంకుస్థాపన ముహూర్తం ఎల్లుండేనే అమ్మా, దాటితే మూఢం, నీ గువ్వలకి పంచాంగం చదివి వినిపించనా అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మర్నాడే మట్టి పోశాం. మగగువ్వలు ఎగిరిపోయాయి. గుడ్ల మీదున్నవి మాత్రం లేవలేదు తల్లీ, మీద మట్టి పడుతున్నా కళ్ళు తెరుచుకుని అట్టాగే కూర్చున్నాయి. నా నెత్తి మీద తట్ట. దించాలా, పొయ్యాలా? పోశాను.

ఇల్లు లేచింది, చెన్నమ్మ అందులోనే ఆడపిల్లని కన్నది. కన్న మర్నాడు పొద్దున మంచం కింద చారెడు మట్టి. ఎలుకలనుకుని మా అత్త ఊడ్చింది. మధ్యాహ్నానికి తట్టెడు. నేల పగల్లేదు, గోడ చిట్లలేదు, మట్టి మాత్రం చెలమలో నీరు ఊరినట్టు ఊరుతోంది, అందులో గుడ్డుపెంకులు! మూడోనాటికి మంచంకోళ్ళు మునిగాయి. చెన్నమ్మ నన్ను బయటికి తీసుకుపొండని ఏడ్చింది. గురవయ్య ససేమిరా అన్నాడు. పదకొండోనాటి స్నానం కాకుండా బాలింత గడప దాటితే ఇంటికి అరిష్టమట. ఇంకా ఏం అరిష్టం మిగిలిందిరా సచ్చినోడా అని మా అత్త తిట్టినా వినకుండా పార తీసుకుని తోడాడు, తోడేకొద్దీ ఊరింది.

అప్పుడు గోడల్లోంచి కువకువలు మొదలయ్యాయి, ఒకటా రెండా, వందలు. వాటి మధ్యనుంచి ఆడగొంతు ఒకటి, ఎవరిదో తెలీదు, నింపాదిగా, మమ్మల్ని లేవనిచ్చావా అని గురవయ్యని అడిగింది. అంతే, చెన్నమ్మ బిడ్డని కొంగున కట్టుకుని ఊచలు పెట్టని కిటికీలోంచి దూకింది, బయటున్న నేను పట్టుకున్నాను. మట్టి ఆమె కాలు కూడా పట్టుకోలేదు. తల్లి గదా అని కాబోలు, నేనిప్పటికీ ఆలోచిస్తుంటాను.

గురవయ్యని మాత్రం పట్టుకుంది. తొందరేం పడలేదు. మోకాళ్ళ దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది, కాసేపు ఆగింది, వాడు అందరి పేర్లూ పిలిచేదాకా ఆగింది, ఆ తర్వాత మెడ దాకా వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా. ఇల్లంతా మట్టిదిబ్బయిపోయింది, నాలుగు రోజులు తవ్వితే పార దొరికింది, మనిషి దొరకలేదు.

తట్ట మోసిన వాళ్ళనీ వదల్లేదు. ఇప్పటికీ నాకు మొదటి ముద్దలో మట్టి తగులుతుంది, బియ్యం ఎన్నిసార్లు కడిగినా అంతే. తినేస్తాను, ఏం చేస్తాను?

ఊరు మళ్ళీ పెరిగిందని ఆ దిబ్బ మీద ముగ్గుతో గీతలు పోసి ఇళ్ళస్థలాలు కొలుస్తున్నారట, కొలుచుకోనీ. మీరు మాత్రం అటు పోకండి. పోతే వెతకటానికి నేను రాను, నా మోకాళ్ళు బాగాలేవు.