రిటైర్డ్

బ్యాడ్మింటన్ ఆట మధ్యలో ఆపేసి పొద్దున్నే విమానం దిగిన నా మనవరాలు, చిలకలగూడలోని మా ఇంట్లో మోకాలికి ఐసు కట్టుకుని కూర్చుంది. నేను పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"దాదీ, గల్లీల అందరు నాకు ముబారక్ చెప్తున్నరేంది? ఓడిపోయి వచ్చిన గద!"

"ఓడుడేంది బిడ్డా? నువ్వు రిటైర్ అయినవని టీవీల రాసిండ్రంట. పక్కింటి జిలానీ చదివి చెప్పిండు. గల్లీ మొత్తం మిఠాయి పంచిన."

"యా అల్లా! దెబ్బ తాకి ఆట నడుమల ఆపితే గట్ల రాస్తరు దాదీ. ఆ ఒక్క మ్యాచ్‌కే. సోమవారం మళ్ల ఇంకో టోర్నమెంట్ ఉంది."

"రిటైర్ అయినంక మళ్ల డ్యూటీనా? మీ దాదా రైల్వేల రిటైర్ అయితే దండలేసి, జీపుల ఇంటిదాక దింపిపోయిండ్రు. మళ్ల రమ్మన్నరా?"

"మాకు దండలు గిట్ల ఉండయి. సూదులే. నొప్పికి సూది ఏయించుకుంటే ఆడొచ్చని కోచ్ సార్ అంటుండు. వస్తనో రానో ఇయ్యాల చెప్పాలె."

"ప్రపంచంల మూడో నంబర్ దాక పోతివి. ఇంకా ఆడాల్ననిపిస్తుందా?"

"ఏమనిపిస్తలేదు దాదీ. నిద్ర ఒక్కటే వస్తుంది."

"సరే తియ్యి, పరేషాన్ గాకు. తప్పు చదివినమని నేనే అందరికి చెప్పొస్తా. నా చెప్పులేవి?"

"దాదీ, చెప్పకు."

"ఏందే?"

"తప్పని చెప్పకు. గట్లనే ఉండనీ. ఆ ఫోన్ గిట్లియ్యి, సార్‌కు నేను చెప్తా."

"ముందు జెర పండు బిడ్డా. లేచినంక చెప్పొచ్చు."

"చెప్పినంకనే నిద్ర పడ్తది దాదీ."