పదిహేడో వరసలో మూడు టిక్కులు

కాదు సార్, ముందు ఆ పెన్ను మూయకండి. గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, తీరా లోపలికి పిలిచి రెండు ప్రశ్నలడిగి వెళ్ళిరమ్మంటే ఎలా? విచారణ పేరుతో ఆ నర్సు పిల్లనైతే మూడు రోజులు తిప్పారుగా. నన్నూ కాస్త అడగండి.

అవును, ఎవరూ రమ్మనలేదు, నేనే వచ్చాను. నర్సింగు కాలేజీలో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాను. ఆ నర్సు నా దగ్గరే చదివింది. తను చేసిన ఇంజెక్షన్‌తోనే ఆ టైలరు పోయాడు. కాదనడం లేదు. ఒకటి ఎక్కించాల్సిన చోట పది ఎక్కించింది. లెక్కలో చుక్క ఒక్క అంకె పక్కకి జరిగింది, అంతే, నలుగురున్న ఇంటికి ఆధారం పోయింది.

ఆయన భార్య బయట వరండాలో ఉంది, చూశారా? ఇంతసేపూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. కాసిని మంచినీళ్ళుంటే ఇమ్మంది, ఇచ్చాను. నేనెవరో ఆవిడకి తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మీరేం చేస్తారో నాకు తెలుసు. ఆ పిల్ల లైసెన్సు తీసేస్తారు, ఫైలు మూసేస్తారు. అదే వద్దంటున్నాను.

కాలేజీలో నాకింకో పని కూడా ఉండేది సార్. ఏ డిపార్ట్‌మెంటులో పిల్లలకి ఏం వచ్చిందో, ఏం రాలేదో తేల్చడం. మార్కులా? మార్కులు వేరండీ. మందు మోతాదు లెక్క వదిలేసి మిగతావి రాసినా పాసైపోవచ్చు. ఇది అలా కాదు. నర్సుకి రావలసిన పనులు నలభై, ఎడంపక్క వరసగా రాసి ఉంటాయి. పైన డిపార్ట్‌మెంట్ల పేర్లు. ఈ పని మా పిల్లలకి వచ్చు అనుకున్న డిపార్ట్‌మెంటు టిక్కు పెట్టాలి, ఎలా చూశారో కింద ఒక ముక్క రాయాలి. నా గదిలో సగం గోడ ఆ పట్టికే.

అదంటే అందరికీ ఒళ్ళు మంట. లెక్కల మాస్టారు నన్ను చూస్తే చాలు, గోడవారగా తప్పుకునేవాడు. మందుల పాఠం చెప్పే మేడమ్, "మీకు టిక్కులే కదా కావాలి, ఎన్ని కావాలో చెప్పండి" అనేది. వార్డు చూసే పెద్ద నర్సు రోగుల మధ్యే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని నింపేది. పాపం ఆవిడకి తీరికేదీ? నవ్వుతారేంటి సార్, మీ ఆఫీసులో కాగితాలు ఎలా నిండుతాయో నాకు తెలియదా?

మోతాదు లెక్క కట్టడం పదిహేడో వరస. మిగతావాటికి ఒకటో రెండో టిక్కులు. దీనికి మూడు. చూసి ఎంత మురిసిపోయానో. మా పిల్లలకి అన్నిటికన్నా బాగా వచ్చిన పని ఇదేననుకున్నాను. కింద రాసిన ముక్కలు చదవలేదు. చదవలేదంటే... ఆగండి, అక్కడికే వస్తున్నాను.

ఆ పిల్లని క్లాసులో అందరూ నోట్సమ్మ అనేవాళ్ళు. ఎవరు సెలవు పెట్టినా ఆ పిల్ల నోట్సే గతి. రానిది రాదని చెప్పడానికి సిగ్గుపడేది కాదు. ఆఖరి ఏడాది ఒక మధ్యాహ్నం నా గదికొచ్చి గుమ్మంలో నిలబడింది. "మేడమ్, మోతాదు లెక్క నాకు రాదు. ఎవరూ చేయించలేదు. వార్డులో పక్కవాళ్ళు చెప్పినంత ఎక్కిస్తున్నాను, భయమేస్తోంది" అంది.

ఇన్‌స్పెక్షన్ ఇంక రెండు రోజులుంది. నాకు తలప్రాణం తోకకొస్తోంది. లేచి, ఆ పిల్లని పట్టిక దగ్గరికి తీసుకెళ్ళి పదిహేడో వరస చూపించాను. రెండు ముక్కలు చెప్పి పంపించేశాను.

పంపించాక ఎందుకో మనసొప్పక కింద రాసినవి చదివాను. లెక్కల మాస్టారు 'మందుల పాఠంలో చూస్తారు' అని రాశాడు. మందుల మేడమ్ 'వార్డులో చూస్తారు' అని. వార్డు పెద్ద నర్సు 'లెక్కల క్లాసులో చూసేశారు' అని. ముగ్గురిలో ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు సార్. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళని నమ్మి చేతులు దులుపుకున్నారు. నాలుగేళ్ళలో ఆ పిల్ల చేత ఒక్కరంటే ఒక్కరు ఆ లెక్క కట్టించలేదు.

ఏం చేశానా? ఏమీ చెయ్యలేదు. ఇన్‌స్పెక్షన్ ముందు ఆ వరస చెరపడానికి నాకు చేతులు రాలేదు. వచ్చినవాళ్ళు పట్టికని తెగ మెచ్చుకున్నారు, ఫొటో కూడా తీసుకున్నారు. నెల తిరక్కుండా ఆ బ్యాచ్ వెళ్ళిపోయింది. మొత్తం అరవై మంది. మిగతా యాభై తొమ్మిది మందీ ఇవాళ ఎక్కడో ఒకచోట సిరంజి పట్టుకునే ఉంటారు. వాళ్ళ సంగతి ఎవరూ అడగరేం?

ఏంటది? ఆ పిల్ల రాసిచ్చిందా? ఇలా ఇవ్వండి, చూస్తాను. "కాలేజీలో అన్నీ నేర్పారు. నేనే మర్చిపోయాను. తప్పు నాదే." అంతేనా? నా దగ్గరికొచ్చి అడిగిన సంగతే లేదే.

ఇది ఆ పిల్ల మాట కాదు సార్. నా మాట. ఆ మధ్యాహ్నం పట్టిక మీద వేలు పెట్టి నేనే అన్నాను, "ముగ్గురు నేర్పారమ్మా, ఇదిగో చూడు. నువ్వే మర్చిపోయుంటావు" అని. కాసేపు ఆ టిక్కుల వంకే చూసింది. "అయ్యుంటుంది మేడమ్, సారీ" అని వెళ్ళిపోయింది. నమ్మేసింది. ఇవాళ్టికీ అదే నమ్ముతోంది.

ఏం, రాసుకోవట్లేదు? మీ విచారణ ఆసుపత్రి వరకేనా? కాలేజీ సంగతి ఇంకెవరో చూస్తారా? చూస్తార్లెండి. ఎవరో ఒకరు చూస్తార్లే అనుకునే కదా, మేమూ టిక్కులు పెట్టింది.