తొమ్మిదో నంబరు జీబ్రా

వన్యప్రాణుల ఆఫీసులో మ్యాపులు గీసే బావ బల్లకి అటు, మైదానంలో పశువుల పాక ఉన్న బావమరిది ఇటు. మధ్యలో మ్యాపు.

"నీ ఎర్రగీత నా పాక నడినెత్తి మీంచే పోవాలా బావా?"

"గీత నాది కాదురా, జీబ్రాలది. ఎండాకాలం అవి మైదానం దాటి ఏటికి వెళ్ళే దారి. అడ్డమున్నవన్నీ సోమవారం పీకేస్తారు."

"నా పాక దగ్గర జీబ్రా మొహం ఎప్పుడూ చూళ్ళేదు."

"నువ్వు చూడకపోతే? తొమ్మిదో నంబరు జీబ్రా మెడకి పట్టీ కట్టాం. అదెక్కడ తిరిగితే అక్కడ మ్యాపులో చుక్క పడుతుంది. కట్టిన మర్నాటి నుంచీ, ఎనిమిది నెలలుగా, సాయంత్రం ఆరింటికల్లా నీ పాకకే వస్తోంది."

"రోజూనా?"

"రోజూ. గురువారం మాత్రం సంతకి వెళ్తోంది."

"జీబ్రా... సంతకి."

"నవ్వకు. మనుషులకి బాగా మచ్చికైన జీబ్రా అని పెద్ద సభలో వ్యాసం చదివాను. చప్పట్లు కొట్టారు."

"కొడతారు, కొడతారు. ఆ పట్టీ... తోలుదేనా?"

"తోలుదే. ఎందుకు?"

"ఊరికే. ఓ పక్క చిన్న డబ్బా ఉంటుందా?"

"ఒరేయ్."

"మంచి తోలు బావా. పారేయబుద్ధి కాలేదు. మా గాడిదకి కట్టా."

"గాడిదకా?"

"దానికీ మెడ ఉంది కదా."

"అంటే నేను ఎనిమిది నెలలు నీ గాడిద వెనకాల తిరిగానా?"

"తిరిగితే తిరిగావులే, చప్పట్లు కొట్టారుగా. ఇక ఆ గీత చెరుపు."

"చెరిపి ఎక్కడ గీయను? దారి తెరవకపోతే ఈ ఎండలకి మంద మొత్తం నీళ్ళు లేక చస్తుంది. అసలా పట్టీ నీకెక్కడ దొరికింది?"

"వదిలెయ్ బావా."

"ఎక్కడ్రా?"

"కంచె తీగకి చిక్కుకుని ఉంది. జీబ్రా కూడా. నేను వెళ్ళేసరికే ప్రాణం పోయింది."

"అయ్యో. అయితే అసలు దారి అదే. ఎవడా కంచె వేసిన..."

"తిట్టకు బావా."

"తిట్టకపోతే? ఏటికెళ్ళే దారికి అడ్డంగా ముళ్ళతీగ కట్టినవాణ్ణి ముద్దు పెట్టుకోవాలా? ఎవడు వాడు?"

"అక్క వాటా స్థలం అది. కొత్తిల్లు కడుతూ నువ్వే వేయించావు."

"ఆ తీగ... నేను కట్టించిందా?"

"అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

"సిగ్గుగా ఉందిరా."

"పోనీలే. నా పాకే పీకించెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ రబ్బరు ఇలా ఇవ్వు. మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పు."