నాన్న తవ్వి తెచ్చిన దుంప

ఈస్టర్‌కి ముందు శనివారం. పోలండ్‌లో ఒక పల్లె వంటింట్లో తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఆవఘాటుండే హార్స్‌రాడిష్ పచ్చడికి దుంప తురుముతోంది. దీవెన కోసం చర్చికి పట్టుకెళ్ళే బుట్టలో గుడ్లు, సాసేజ్ సర్దుతున్న, పండక్కి ఊరి నుంచి వచ్చిన కూతురు కాస్త తురుము నోట్లో వేసుకుంది.

“అమ్మా, నషాళానికి అంటాలి కదా, ఘాటేదీ?”

“వెనిగర్ పోస్తే వస్తుందిలే.”

“వెనిగర్‌తో ఉన్న ఘాటు నిలుస్తుంది గానీ, లేనిది పుడుతుందా? అయ్యో, ఇది హార్స్‌రాడిష్ కాదు, సూప్‌లో వేసే పార్స్లీ దుంప! ఎవరు తవ్వారు?”

“మీ నాన్న.”

“నాన్నా? పెరట్లో ఆ హార్స్‌రాడిష్ మడి నాటిందే ఆయన! కళ్ళు మూసుకున్నా సరైన దుంపే తవ్వుతాడు!”

“మెల్లిగా. పెరట్లోనే ఉన్నాడు.”

“మరి దీనికి నీ కళ్ళల్లో నీళ్ళెందుకొస్తున్నాయి? అమ్మా... ఎన్నాళ్ళయింది?”

“చలికాలం నుంచి. నిన్న నీ ఫొటో చూసి, ఎవరీ పిల్ల అన్నాడు.”

“దేవుడా! నాకొక్క మాట చెప్పలేదే!”

“ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదే. అదిగో, వస్తున్నాడు. ఇంకో చెంచా నోట్లో వేసుకో.”

“వేసుకుని?”

“ముక్కు పట్టుకో. నీకోసం తనే తవ్వి తెచ్చానని ఇందాకటి నుంచి ఎంత సంబరపడుతున్నాడో తెలుసా?”

తలుపు తెరుచుకుంది.

“అబ్బ, నాన్నా! చచ్చాను, ఏం ఘాటు!” అంది కూతురు, ముక్కు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ.